పాతబడ్డ వ్యాపార కేంద్రాన్ని మళ్లీ నిలబెట్టడం ఎలా: సర్వే నుంచి నిర్వహణ దాకా

పాత వ్యాపార కేంద్రంలో ఏ వీధిలోనైనా నిలబడి ఒకసారి తలెత్తి చూడండి. కింద షట్టర్లన్నీ తెరిచే ఉంటాయి, బేరాలు సాగుతూనే ఉంటాయి. పై అంతస్తు కిటికీలు మాత్రం ఏళ్లుగా మూసే ఉంటాయి. పైన అద్దెకు ఎవరూ రావడం లేదేమో అనుకుంటాం. లోపలికెళ్లి అడిగితే అసలు సంగతి తెలుస్తుంది: దుకాణం ముందు భాగాన్ని ఇంకో నాలుగడుగులు వెడల్పు చేసుకోవడానికి ఎప్పుడో మెట్లు తీసేశారు. పైకి వెళ్లడానికి దారే లేదు. ఒకరిని చూసి ఒకరు అదే పని చేయడంతో వీధి పొడవునా సగం భవనాలు వాడకంలో లేకుండా పోయాయి.

ఆఫీసులో కూర్చుని మ్యాపు చూసేవాళ్లు ఈ వీధికి "శిథిలావస్థ" అని పేరు పెట్టి, మొత్తం కూల్చి కట్టాలంటారు. వెళ్లి చూసినవాళ్లకు రెండు మూడు దుకాణాలకు కలిపి వెనకవైపు ఒక ఉమ్మడి మెట్ల దారి వేస్తే చాలా వరకు పని జరుగుతుందని తెలుస్తుంది.

మునిసిపల్ ప్లానర్లను, వర్తక సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నా పక్షపాతం ముందే చెప్పేస్తాను. ఫలానా వస్తువు కావాలంటే అక్కడికే వెళ్లాలి అని జనానికి ఉన్న అలవాటే వ్యాపార కేంద్రానికి అసలు ఆస్తి అని నమ్ముతాను. భవనం పోతే మూడు నాలుగేళ్లలో మళ్లీ కట్టుకోవచ్చు. ఆ అలవాటు ఏడాదిపాటు తప్పితే జనం ఇంకో చోటు వెతుక్కుంటారు, మళ్లీ పిలిచినా రారు. కింద చెప్పిన ప్రతి అడుగునూ ఆ లెక్కలోనే చూశాను.

1. సరిహద్దు గీయండి, రోడ్డు మధ్యలో మాత్రం కాదు

చాలా ప్రణాళికల్లో సరిహద్దు గీత పెద్ద రోడ్డు మధ్యనుంచి పోతుంది. మ్యాపులో చూడ్డానికి నీటుగా ఉంటుంది. తీరా చూస్తే ఎదురెదురుగా ఉన్న రెండు వరసల్లో ఒక వరసకు కొత్త నిబంధనలు, ఇంకో వరసకు పాతవి. ఇవతలివాళ్లు నాలుగంతస్తులు కట్టుకోవచ్చు, అవతలివాళ్లకు రెండే. గొడవలకు ఇంతకన్నా ఏం కావాలి? గీతను స్థలాల వెనక హద్దుల మీదుగా గీయండి. వీధికి రెండు వైపులూ ఒకే ప్రణాళికలోకి రావాలి.

విస్తీర్ణం విషయంలో ఆశపడకండి. ఒక చివర నుంచి ఇంకో చివరకు పది, పన్నెండు నిమిషాల్లో నడిచి వెళ్లగలిగితే చాలు. అంతకు మించితే డబ్బు పలచబడిపోయి ఎక్కడా మార్పు కనిపించదు. బజారుకు ప్రాణం పోసే బస్టాపు, గోడౌన్లు, సరుకు లారీలు ఆగే స్థలం మాత్రం గీత బయట ఉండిపోకుండా చూసుకోండి.

2. లెక్కలు తీయండి

మొత్తం పనిలో అతి తక్కువ ఖర్చు ఇక్కడే, అతి ఎక్కువ నిర్లక్ష్యం కూడా ఇక్కడే. నాలుగు సర్వేలు కావాలి.

మొదటిది నడిచే జనం లెక్క. ఫుట్‌పాత్‌కు అడ్డంగా ఒక ఊహా రేఖ అనుకుని, దాన్ని దాటే ప్రతి మనిషినీ రెండు దిక్కులా లెక్కపెట్టాలి. గంటంతా లెక్కపెట్టనక్కర్లేదు, ప్రతి గంటలోనూ 15 నిమిషాలు లెక్కించి నాలుగుతో గుణిస్తే సరిపోతుంది. ఒక మామూలు పనిదినం, ఒక వారాంతపు రోజు, దుకాణాలు తెరిచినప్పటి నుంచి మూసేదాకా. గీత ఎక్కడ అనుకున్నారో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాతి సంవత్సరాల్లో అదే చోట నిలబడాలి. ఈ ఒక్క లెక్క లేకపోవడం వల్ల, పనులయ్యాక బజారు పుంజుకుందా దెబ్బతిందా అన్నది ఎవరి నోటికొచ్చింది వాళ్లు చెప్పే పరిస్థితి వస్తుంది.

రెండోది పార్కింగ్. "పార్కింగ్ లేకే గిరాకీ పోతోంది" అనే మాట ప్రతి దుకాణంలోనూ వినిపిస్తుంది. నిజమో కాదో తేల్చడానికి ఒక మనిషి, ఒక అట్ట, ఒక పెన్ను చాలు. వీధిలో బళ్లు పెట్టే ప్రతి స్థానానికీ నంబరు ఇచ్చి కాగితం మీద నిలువు వరసగా రాసుకోండి. అడ్డంగా అరగంటకొక గడి. ప్రతి అరగంటకూ చుట్టి వచ్చి ఒక్కో స్థానంలో ఉన్న బండి నంబరులో చివరి నాలుగంకెలు రాయాలి. సాయంత్రానికి కాగితమే మాట్లాడుతుంది. ఉదయం తొమ్మిదిన్నరకు 17వ స్థానంలో ఉన్న 4486 పదకొండుకూ అక్కడే, రెండుకూ అక్కడే, ఏడుకూ అక్కడే. పక్క వరసలో 2051 కూడా అంతే. ఆ బళ్లు ఎవరివని వాకబు చేస్తే చాలాసార్లు ఎదురుగా ఉన్న దుకాణాల వాళ్లవో, వాళ్ల సిబ్బందివో అవుతాయి.

దీనివల్ల నష్టమెంతో ఒక చిన్న లెక్క. వీధిలో 100 స్థానాలున్నాయనుకుందాం. వచ్చినవాళ్లు సగటున గంటంబావు ఉండి వెళ్తే, పది గంటల వ్యాపార సమయంలో ఒక్కో స్థానం 8 బళ్లకు పనికొస్తుంది. అందులో 40 స్థానాలను పొద్దుటి నుంచి రాత్రి దాకా సిబ్బంది బళ్లు ఆక్రమిస్తే, రోజుకు 320 మంది కొనుగోలుదారులకు చోటు పోయినట్టు. మల్టీలెవల్ పార్కింగ్ కట్టే ముందు, సిబ్బంది బళ్లను ఐదు నిమిషాల నడక దూరంలో పెట్టిస్తే ఏమవుతుందో చూడండి. ఈ కాగితాన్ని సంఘం సమావేశంలో పెట్టేటప్పుడు మాత్రం కాస్త జాగ్రత్త. ఎవరి బండి ఏదో పేర్లు చదవకండి, మొత్తం అంకెలు చెప్పండి. నేనొకసారి నంబర్లతో సహా గోడ మీద చూపించాను. మిగతా సమావేశమంతా ఎవరి బండి ఎవరు ఎందుకు పెట్టారన్న దాని మీదే నడిచింది, ప్రణాళిక ఊసే రాలేదు.

మూడోది దుకాణాల సర్వే: సొంతమా అద్దెకా, ఎన్నేళ్లుగా ఉన్నారు, ఎంతమంది పనిచేస్తారు, సరుకు ఎప్పుడు ఏ బండిలో వస్తుంది, కొనేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు, పనుల కోసం ఆరు నెలలు వేరేచోటికి వెళ్లాల్సి వస్తే వెళ్తారా. బేరాల సమయంలో వెళ్లి అడిగితే ఎవరూ సరిగ్గా జవాబు చెప్పరు. దుకాణం తెరిచిన మొదటి అరగంటలోనో, మధ్యాహ్నం మందకొడిగా ఉండే వేళలోనో వెళ్లండి. ఇందులో తరచూ మరిచిపోయే ప్రశ్న ఒకటుంది: మీ దగ్గర పనిచేసే ఆడవాళ్లు టాయిలెట్‌కు ఎక్కడికి వెళ్తారు? వచ్చే జవాబులను బట్టే మరుగుదొడ్లు ఎక్కడ కట్టాలో తేలిపోతుంది.

ఫుట్‌పాత్ వ్యాపారులను కూడా ఇదే సర్వేలో, అదే తేదీన, ఫొటోతో సహా నమోదు చేయాలి. ప్రాజెక్టు సంగతి బయటికి పొక్కిన వారంలో కొత్త బళ్లు పుట్టుకొస్తాయి. ఎప్పటినుంచో ఉన్నవాళ్లెవరో నిన్న వచ్చినవాళ్లెవరో తేల్చేది ఆ తేదీయే.

నాలుగోది భవనాల సర్వే. ప్రతి భవనానికీ ఒక పేజీ: స్థలం ఎవరిది, పైన ఎవరిది, వారసులెంతమంది, కోర్టు కేసులున్నాయా, నిర్మాణం ఎలా ఉంది, పై అంతస్తులకు దారుందా, కరెంటు మీటర్లు ఎన్ని, ఎక్కడ.

3. అసలు జబ్బేమిటో తేల్చండి

అన్ని పాత కేంద్రాలూ ఒకేలా పాతబడవు. కొన్నిచోట్ల గోడలే బలహీనపడ్డాయి. కొన్నిచోట్ల భవనం గట్టిగానే ఉన్నా పన్నెండు మంది వారసుల మధ్య పంపకం తేలక ఎవరూ సున్నం కూడా వేయించరు. ఇంకొన్నిచోట్ల ఆఫీసులు ఊరి బయటికి వెళ్లిపోవడంతో మధ్యాహ్నం తినేవాళ్లు, సాయంత్రం కొనేవాళ్లు తగ్గిపోయారు. లేదా అంతా బాగానే ఉంది, లోపలికి రావడమే నరకం. మీ సర్వే కాగితాలు ముందేసుకుని, ఈ నాలుగింటిలో ఏది ఎంత అని ఒకే ఒక్క పేజీలో రాయండి. వారసుల తగాదాకు రోడ్డు వెడల్పు మందు కాదు. ఆ ఒక్క పేజీ రాయలేకపోతే ఇంకా సర్వే పూర్తికానట్టే.

4. ముందు నేల కింద

పైన రాళ్లు పరిచి, దీపాలు పెట్టి, రిబ్బన్ కత్తిరించాక మూడో నెలలో నీటి పైపు పగిలి అవే రాళ్లు పెకలించడం ఎన్నిచోట్ల చూడలేదు! పాత వ్యాపార కేంద్రాల్లో నేల కింద ఏముందో ఏ రికార్డూ పూర్తిగా చెప్పదు. పాత పైపును వదిలేసి పక్కనే కొత్తది వేస్తారు, పాతదాన్ని తీయరు. గ్రౌండ్ రాడార్‌తో స్కాన్ చేయించండి. అనుమానం ఉన్నచోట చేత్తో చిన్న గుంతలు తవ్వించి కళ్లతో చూసుకోండి. అది చూశాకే టెండరు రాయాలి.

మురుగు, వాన నీరు, తాగునీరు, కరెంటు, కేబుళ్లు, అగ్నిమాపక హైడ్రెంట్లు, ఇవన్నీ ఒకే తవ్వకంలో అయిపోవాలి. రేపు రాబోయే కేబుళ్ల కోసం ఖాళీ గొట్టాలు కూడా ఇప్పుడే వేసేయండి. గొట్టం ఖరీదు మళ్లీ తవ్వడం ముందు ఏపాటిది? మురుగు పైపుల సైజును ఇప్పటి జనాన్ని చూసి కాకుండా, మీరు ఇవ్వబోయే అంతస్తులను చూసి నిర్ణయించాలి.

5. భవనాలను నాలుగు కుప్పలు చేయండి

ఉంచాల్సినవి, మరమ్మతు చేయాల్సినవి, వాడకం మార్చాల్సినవి, కూల్చాల్సినవి. ఈ విభజనను స్ట్రక్చరల్ ఇంజినీరు చేయాలి, బిల్డరు కాదు. పెచ్చులూడిన ప్రతి భవనమూ కూలిపోయేది కాదు. కాంక్రీటు లోపలి చువ్వకు ఎంత తుప్పు పట్టిందో పరీక్షించి చూశాకే ఏ మాటైనా. పాత భవనాల్లో అద్దె తక్కువ కాబట్టే రిపేరు దుకాణాలు, చిన్న వర్క్‌షాపులు, అప్పుడే మొదలెట్టిన వ్యాపారాలు బతుకుతున్నాయని కూడా గుర్తుంచుకోండి. వాటన్నిటినీ ఒకేసారి కొత్తవి చేస్తే కొత్త అద్దె కట్టగలిగే వ్యాపారాలే మిగులుతాయి. ఆ వ్యాపారాలు ఏ మాల్‌లోనైనా దొరుకుతాయి, వాటి కోసం ఇక్కడికే ఎవరొస్తారు?

వాడకం మార్చడంలో ఎక్కువగా వచ్చేది పాత ఆఫీసులను ఇళ్లుగా మార్చే ప్రశ్న. రాత్రిపూట జనం ఉండే బజారు ఎప్పుడూ మెరుగే. కానీ అన్ని ఆఫీసులూ ఇళ్లకు పనికిరావు. కిటికీ నుంచి సుమారు ఆరేడు మీటర్లు దాటితే పగటి వెలుతురు అందదు. రెండు వైపులా కిటికీలున్న సన్నటి పాత భవనం సులువుగా మారుతుంది. నాలుగు వైపులా అద్దాలున్నా నడుమ చీకటిగా ఉండే పెద్ద భవనం మారదు, మార్చాలంటే మధ్యలో తొలిచి వెలుతురు బావి పెట్టాలి. నిబంధనలు కూడా అడ్డు తగులుతాయి. లాస్ ఏంజెలెస్ 1999లో తన డౌన్‌టౌన్ పాత భవనాల కోసం ఒక ప్రత్యేక ఆర్డినెన్స్ తెచ్చింది. ఇళ్లుగా మార్చేవాళ్లు కొత్తగా పార్కింగ్ కట్టాల్సిన పనిలేదని అందులో సడలింపు ఇచ్చారు. దశాబ్దాలుగా ఖాళీగా ఉన్న బ్యాంకు, ఆఫీసు భవనాల్లో వేల సంఖ్యలో ఇళ్లు రావడానికి అది పెద్ద కారణం. మీ దగ్గర కూడా కొత్త భవనాల కోసం రాసిన ఏ నిబంధన పాత భవనాన్ని పట్టి ఆపుతోందో ఒక జాబితా తీయండి. నిప్పు నుంచి రక్షణ, భూకంపం నుంచి రక్షణ, ఈ రెండింట్లో మాత్రం సడలింపు వద్దు.

6. కూల్చి కట్టే చోట లెక్క కుదురుతుందా?

ఈ లెక్క మీరే చేయాలి, ఎవరో తెచ్చిన ప్రెజెంటేషన్‌ను నమ్మకూడదు. ఎఫ్‌ఎస్‌ఐ అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చన్న నిష్పత్తి. కొన్ని స్థలాలు కలిపితే 2,000 చదరపు మీటర్లు వచ్చాయనుకోండి. ఇప్పుడు 3,000 చదరపు మీటర్ల వాడకం ఉంది, అంటే ఎఫ్‌ఎస్‌ఐ 1.5. కొత్తగా 3 ఇస్తే 6,000 కట్టవచ్చు. ఇప్పుడున్నవాళ్లకు 3,000 తిరిగి ఇవ్వాలి. మెట్లు, లిఫ్టులు, నడవాలు, అగ్నిమాపక ఏర్పాట్లకు మొత్తంలో 20 శాతం, అంటే 1,200 పోతుంది. అమ్మడానికి మిగిలేది 1,800 మాత్రమే.

ఖర్చు మాత్రం 6,000 చదరపు మీటర్లకూ పెట్టాలి. దాని మీద తాత్కాలిక దుకాణాల అద్దె, వడ్డీ, ఫీజులు కలిపి 15 శాతం వేసుకుంటే 6,900 చదరపు మీటర్ల నిర్మాణ ఖర్చుతో సమానం. దీన్ని 1,800తో భాగిస్తే 3.8 వస్తుంది. అంటే అమ్మే ధర నిర్మాణ ఖర్చుకు దాదాపు నాలుగింతలు ఉంటేనే, లాభం మాట దేవుడెరుగు, పెట్టుబడి తిరిగొస్తుంది. ఆ ప్రాంతంలో అంత ధర పలుకుతుందా?

పలకదనుకుంటే వెంటనే వచ్చే సలహా ఎఫ్‌ఎస్‌ఐ పెంచమని. 4 ఇస్తే 8,000 కట్టవచ్చు. 1,600 ఉమ్మడి వాడకానికి, 3,000 పాతవాళ్లకు, 3,400 అమ్మకానికి. ఖర్చు, పైన వేసిన 15 శాతం కలిపితే, 9,200. దాన్ని 3,400తో భాగిస్తే 2.7. లెక్క హఠాత్తుగా అందంగా కనిపిస్తుంది. ఆ ఆశతోనే చాలా ప్రణాళికలు చెడిపోతాయి. అదే రోడ్డు, అదే మురుగు పైపు, రెండు రెట్లకు పైగా జనం. పైగా అన్ని స్థలాలకూ ఒకేసారి 4 ఇస్తే అమ్మకానికి వచ్చే చదరపు మీటర్లన్నీ ఒకేసారి మార్కెట్లోకి వచ్చి మీరు ఊహించిన ధరే పడిపోతుంది. కాబట్టి నా సలహా: రోడ్డు, నీళ్లు, మురుగు ఎంత మోయగలవో ముందు తేల్చండి, అదే గరిష్ఠ పరిమితి. ఆ పరిమితిలో లెక్క కుదరకపోతే ప్రభుత్వ డబ్బు కొంత పెట్టాలి, లేదా ఆ భవనాన్ని కూల్చే కుప్పలోంచి మరమ్మతు కుప్పలోకి మార్చాలి.

7. యజమానులను, అద్దెదారులను ఒక చోటికి తేవడం

ఇక్కడ తొందరపడితే ఏళ్లు పోతాయి, ఓపిక పట్టినా ఏళ్లే పడతాయి. టోక్యోలోని రొప్పొంగి హిల్స్ సుమారు 11 హెక్టార్లు, దాదాపు 400 మంది హక్కుదారులు. 1986లో పునరభివృద్ధి ప్రాంతంగా గుర్తిస్తే 2003లో తలుపులు తెరిచింది. 17 ఏళ్లు. జపాన్‌లో 1969 నాటి చట్టం ప్రకారం, పాత స్థలంలో ఒక్కొక్కరికి ఉన్న హక్కు విలువ కట్టి, అంత విలువకు కొత్త భవనంలో వాటా ఇస్తారు. డబ్బిచ్చి పంపేయడం ఒక్కటే దారి కాదన్నమాట. ముంబయిలోని భెండీ బజార్‌లో ఒక ట్రస్టు 16.5 ఎకరాల్లో దాదాపు 250 పాత భవనాలను కలిపి క్లస్టర్‌గా తీసుకుంది. అక్కడ 3,200 కుటుంబాలు, 1,250 దుకాణాలు. ముందు తాత్కాలిక వసతి కల్పించి, తర్వాతే కూల్చడం మొదలుపెట్టారు. వరస అదే ఉండాలి.

కొన్ని స్థలాలను కదిలించకూడదు. వాటికున్న అంతస్తుల హక్కును మాత్రం పక్కకు పంపవచ్చు. టోక్యో స్టేషన్‌లో 1914 నాటి ఎర్ర ఇటుక భవనాన్ని 2012 నాటికి మొదటి రూపంలోకి తెచ్చారు. దాని మీద వాడుకోని నిర్మాణ హక్కును చుట్టుపక్కల టవర్లకు అమ్మగా వచ్చిన డబ్బే అందుకు ఆధారం. మనం టీడీఆర్ (నిర్మాణ హక్కు బదిలీ) అనేది ఇదే. అయితే ఆ హక్కు ఎక్కడ దిగాలో ముందే నిర్ణయించండి. లేకపోతే ఆ హక్కు పత్రాలు చేతులు మారుతూ ఊరిలో అతి ఇరుకైన చోట వచ్చి వాలతాయి.

అద్దెదారుల సంగతి యజమానితో పాటే తేలాలి. వ్యాపారం నడిపేది, జనాన్ని రప్పించేది చాలాచోట్ల అద్దెదారే. తిరిగి వచ్చే హక్కు, ఎంత విస్తీర్ణం, ఏ అంతస్తు, మొదటి కొన్నేళ్లు అద్దె ఎలా పెరుగుతుంది, ఇవన్నీ కాగితం మీద సంతకాలతో ఉండాలి. "గ్రౌండ్ ఫ్లోరే ఇస్తాం లెండి" అన్న నోటి మాట మీద దుకాణం ఖాళీ చేసి, చివరికి రెండో అంతస్తులో మూలగది దక్కించుకున్నవాళ్లను చూశాను. చిల్లర వ్యాపారంలో గ్రౌండ్ ఫ్లోరుకూ రెండో అంతస్తుకూ తేడా మెట్లు కాదు, బతుకు.

8. వీధిని మార్చడం: ముందు చాక్‌పీస్, తర్వాత రాయి

వాహనాలు ఆపేస్తే బజారు వెలిగిపోతుందని ఒక వర్గం, చచ్చిపోతుందని ఇంకో వర్గం. రెండింటికీ ఉదాహరణలున్నాయి. కోపెన్‌హేగన్‌లోని స్ట్రోగెట్ వీధిని 1962లో ప్రయోగంగా పాదచారులకు వదిలారు, నచ్చాక శాశ్వతం చేశారు. ఇప్పటికీ కిక్కిరిసే ఉంటుంది. అమెరికాలో కలమజూ 1959లోనే బజారు వీధికి వాహనాలు ఆపింది. 1998లో మళ్లీ వాహనాలకు తెరవాల్సి వచ్చింది. నా అంచనాలో తేడా ఇది: చుట్టుపక్కల ఇళ్లున్న, బస్సో రైలో దగ్గరగా ఉన్న, నడిచే జనం ముందే ఎక్కువగా ఉన్న వీధిలో వాహనాలు ఆపితే నిలుస్తుంది. కారులో తప్ప ఎవరూ రాని చోట వాహనాలు ఆపితే వచ్చేవాళ్లు కూడా రారు. మీ మొదటి సర్వే చెబుతుంది మీది ఏ రకమో.

అయినా అనుమానం ఉంటే ప్రయోగం చేయండి. న్యూయార్క్ 2009లో టైమ్స్ స్క్వేర్ దగ్గర వాహనాలు ఆపి, రంగు పీపాలు అడ్డుపెట్టి, మడత కుర్చీలు వేసింది. రాళ్లు, బెంచీలు తర్వాత సంగతి. మరుసటి ఏడాది లెక్కలు చూసుకున్నాకే శాశ్వతం చేస్తామని ప్రకటించారు. మీరూ ముందు సుద్దతోనో పెయింటుతోనో గీతలు గీసి, పూలకుండీలు అడ్డుపెట్టి, మూడు నెలలు నడపండి. బెడిసికొడితే ఒక రాత్రిలో తీసేయొచ్చు.

ఫుట్‌పాత్ మీద స్తంభాలు, చెట్లు, బోర్డులు అన్నీ పోగా కనీసం 1.8 మీటర్ల ఖాళీ దారి మిగలాలి. రెండు వీల్‌చైర్లు ఎదురుపడి దాటగలిగేది అంతే. సరుకు దించుకోవడానికి వేళలు పెట్టండి, తెల్లవారుజాము, రాత్రి. అయితే వేళలు పెట్టి ఊరుకుంటే సరిపోదు. లారీ ఎక్కడ ఆగాలి, అక్కడి నుంచి తోపుడు బండి ఏ దారిన రావాలి, ఆ దారిలో మెట్టు లేకుండా ఉందా అన్నవి కూడా చూడాలి. ఒక్క ఆరంగుళాల మెట్టు రోజుకు నూరు మూటల దగ్గర హమాలీ నడుం విరుస్తుంది.

పార్కింగ్ రుసుము పెడతామంటే వర్తకులు ఒప్పుకోరు. అమెరికాలోని పాసడీనాలో 1993లో పాత బజారు వీధుల్లో మీటర్లు పెట్టినప్పుడు వాళ్లు ఒప్పుకోవడానికి కారణం ఒక్కటే: మీటరు డబ్బు అదే బజారు ఫుట్‌పాత్‌లకు, దీపాలకు, శుభ్రతకు ఖర్చు పెడతామన్న హామీ. నిలబెట్టుకున్నారు కూడా. రుసుమును మునిసిపాలిటీ సాధారణ నిధిలో కలిపేసే ఆలోచన ఉంటే ఆ ఊసే ఎత్తకండి.

9. పనులు జరిగే రోజులు

ఎన్ని మంచి ప్రణాళికలైనా ఓడిపోయేది ఇక్కడే. డిజైన్ మీద రెండేళ్లు కూర్చున్నవాళ్లు, తవ్వకం ఎలా జరగాలన్న దాన్ని కాంట్రాక్టరుకు వదిలేస్తారు. కాంట్రాక్టరుకు సులువు వీధంతా ఒకేసారి తవ్వడం. దుకాణదారుకు అది చావు. చిన్న దుకాణానికి మూడు నెలల గిరాకీ లేకపోతే అప్పు, ఆరు నెలలు లేకపోతే షట్టర్ దించడమే.

టెండరులోనే ఈ షరతులు రాయండి. ఒకసారి తవ్వే పొడవు 50, 60 మీటర్లకు మించకూడదు. ఆ ముక్క పూడ్చి, నడవడానికి వీలుగా చదును చేశాకే పక్క ముక్క తవ్వాలి. వీధికి ఒకవైపు పని జరిగితే ఇంకోవైపు తెరిచే ఉండాలి. ప్రతి దుకాణం గుమ్మానికీ రెయిలింగ్ ఉన్న చెక్క వంతెన ఎల్లప్పుడూ ఉండాలి. ఏడాదిలో గిరాకీ బాగా ఉండే నెలల్లో తవ్వకం పూర్తిగా ఆపేయాలి. ఆ నెలలు ఏవో వర్తకులే చెబుతారు, వ్యాపారాన్ని బట్టి మారతాయి కూడా. ఆలస్యానికి వేసే జరిమానా మొత్తం ప్రాజెక్టు ముగింపు తేదీకి కాకుండా ఒక్కో ముక్కకు విడివిడిగా ఉండాలి. అప్పుడే అది పనిచేస్తుంది.

"దుకాణాలు తెరిచే ఉన్నాయి" అన్న బోర్డులు కంచెల మీద పెద్దక్షరాలతో పెట్టించండి, దారి ఎటో బాణం గుర్తుతో సహా. రోజూ సాయంత్రం ఒక గంట అక్కడే కూర్చుని ఫిర్యాదులు వినే మనిషి ఒకరు కావాలి. తన ఫోన్ ఎత్తేవాడు, కాంట్రాక్టరు మనుషులకు అప్పటికప్పుడు చెప్పగలిగేవాడు అయ్యుండాలి.

వేరేచోటికి తరలించాల్సి వస్తే ఆ చోటును చాలా జాగ్రత్తగా ఎంచుకోండి. సియోల్‌లో 2003 నుంచి 2005 దాకా చొంగ్గేచొన్ అనే వాగు మీది ఎత్తైన రహదారిని తీసేసి, 5.8 కిలోమీటర్ల మేర ఆ వాగును మళ్లీ వెలికి తీశారు. ప్రపంచమంతా మెచ్చుకున్న పని. దాని ఒడ్డున బతికిన వీధి వ్యాపారుల్లో చాలామందిని పాత డోంగ్డేమున్ స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్లకే ఆ స్టేడియాన్ని కూడా కూల్చడంతో వాళ్లు మళ్లీ మూటలు సర్దుకోవాల్సి వచ్చింది. దుకాణాల వాళ్ల కోసం దూరంగా ఒక పెద్ద వ్యాపార సముదాయం కట్టారు, అక్కడికి వెళ్లినవాళ్లు తక్కువ. పక్క పక్కన ఉండి ఒకరి సరుకు ఒకరు అమ్ముకునే చిన్న వర్తకులను దూరంగా ఒక్కొక్కరిగా విసిరేస్తే వాళ్ల వ్యాపారం పనిచేయదు. తాత్కాలిక దుకాణాలు పాత వీధి నుంచి నడిచిపోయేంత దగ్గరలో, పాత వరసలోనే పక్కపక్కన ఉండాలి.

10. డబ్బు, ఆ తర్వాతి నిర్వహణ

డబ్బు వచ్చే దారులు కొన్నే: ప్రభుత్వ నిధులు, పెరిగిన భూమి విలువలో వాటా, నిర్మాణ హక్కుల అమ్మకం, అప్పు. వీటి వివరాలు ఊరూరికీ మారతాయి కాబట్టి ఒక్క హెచ్చరికతో సరిపెడతాను. కొనేవాళ్లు దొరకకముందే కూల్చకండి. అమెరికాలో న్యూ లండన్ పట్టణం ఆర్థికాభివృద్ధి పేరుతో ఇళ్లు తీసుకుని సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2005లో 5-4 తీర్పుతో గెలిచింది. అనుకున్న నిర్మాణం రాలేదు, ఇళ్లు కూల్చిన స్థలం ఏళ్ల తరబడి గడ్డి పట్టి పడి ఉండిపోయింది.

నిర్వహణ ఎవరిదో పనులు మొదలయ్యే ముందే తేలాలి. 1970లో టొరొంటోలోని బ్లూర్ వెస్ట్ విలేజ్ వర్తకులు, మాల్స్ గిరాకీ లాగేస్తుంటే, ఒక కొత్త పద్ధతి తెచ్చుకున్నారు. ఆ ప్రాంతంలోని వ్యాపారాలన్నీ అదనంగా కొంత రుసుము కట్టాలి, మునిసిపాలిటీ పన్నుతోపాటు వసూలు చేసి సంఘానికే ఇచ్చేస్తుంది, సంఘం వీధి దీపాలకు, చెట్లకు, ప్రచారానికి ఖర్చు పెడుతుంది. కట్టేవాళ్లు కడతారు, కట్టనివాళ్లు అనుభవిస్తారన్న పాత తగవు దాంతో తీరింది. తర్వాత ఎన్నో దేశాలు అదే బాట పట్టాయి. మీరు అలాంటిది పెట్టుకుంటే కమిటీలో అద్దెదారులకు, ఫుట్‌పాత్ వ్యాపారులకు కూడా ఓటు ఉండేలా చూడండి. యజమానులే ఉంటే అద్దె పెంచే పనులకే డబ్బు పోతుంది.

ఏటా నాలుగు అంకెలు తీసి సంఘం ఆఫీసు గోడకు అంటించండి: మొదట్లో ఫొటో తీసి పెట్టుకున్న ఆ గీత దాటిన జనం, మూసి ఉన్న షట్టర్లు, వాడకంలోకి వచ్చిన పై అంతస్తులు, మొదటి సర్వేలో ఉన్న వ్యాపారాల్లో ఇంకా ఎన్ని ఉన్నాయి. మొదటి మూడూ పెరిగినా తగ్గినా ఎవరైనా గమనిస్తారు. నాలుగోదాన్ని వదిలేస్తారు. జనం పెరిగి, షట్టర్లు తెరిచి ఉండి, పాత పేర్లలో మూడో వంతు కూడా కనిపించకపోతే 7వ అడుగులో రాసుకున్న ఒప్పందాలు తీసి, ఎవరికి తిరిగొచ్చే హక్కు ఇచ్చామో, వాళ్లెందుకు రాలేదో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కోండి. అద్దె ఎక్కువైందంటే అద్దె పెరుగుదల పట్టిక మార్చండి. చోటు నచ్చలేదంటే ఇంకా ఎవరికీ కేటాయించని దుకాణాలు ఏవో చూడండి. అందుకోసమే గ్రౌండ్ ఫ్లోరులో కొన్నింటిని మొదటి ఐదేళ్లు అమ్మకుండా అట్టే పెట్టుకోవాలి.